మోకాలి మొక్కు

శేషారత్నం గారింటి వరండాలో కూర్చోబెట్టి నవతకి రెండోసారి కాఫీ ఇచ్చారు. రెండోసారి ఇచ్చారంటే ఇంకా చాలాసేపు కూర్చోబెడతారన్నమాట. జూబ్లీహిల్స్ పెద్దిళ్ళ మర్యాదే అంత. మనిషిని పొద్దున్నే రమ్మంటారు, కాఫీ ఇస్తారు, రమ్మన్న సంగతి మర్చిపోతారు.

కింద ఫిలింనగర్ రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు అందులో కూర్చుని, ఒకరి కొత్త బూట్లు ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళలో కమలాకర్ అనే ప్రాజెక్టు మేనేజరు ఉన్నాడే, ఆయన ఊరుకునే రకం కాదు. ఫోను మీద ఫోను.

"ఏందండీ నవతా, షెడ్యూల్ మొత్తం స్లిప్ అయితుంది."

"మీ కంపెనీల ఎన్నడు స్లిప్ కాలేదా సార్? జర ఆగుండ్రి," అని పెట్టేసింది.

నల్లమల అడవిలోంచి శ్రీశైలానికి పాత కాలిబాట ఒకటుంది. శివరాత్రి ముందు జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే నడుస్తారు. చివర్లో కొండమీదికి రాజుల కాలంనాటి మెట్లు. ఆ దారిని మూడు రోజుల్లో పరుగెత్తించి, మధ్యలో తిండీ పడకా చూసి, అందర్నీ క్షేమంగా గుడి ముందు దించడం నవత పెట్టుకున్న కొత్త పని. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగు ఉద్యోగం మానేసి మరీ పెట్టుకుంది. "బస్సుండగ ఉరుకుడెందుకే పిల్లా?" అని మధురానగర్‌లో ఇరుగూ పొరుగూ అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్పి చెప్పి ఆమెకి నోరు నొప్పెట్టింది. ఈ యాత్ర సవ్యంగా జరిగితే ఆ నోళ్ళు మూతపడతాయి. లేకపోతే మళ్ళీ మాదాపూర్‌లో కుర్చీయే గతి.

లోపల్నుంచి శేషారత్నం గారు వచ్చింది, వెనకాలే కొడుకు వర్ధన్. రెండు సినిమాలు ఆడి, రెండు ఆడక, అయిదోది విడుదలకి సిద్ధంగా ఉన్న హీరో. పసుపు రంగు టీషర్టు, టోపీ, కొత్త బూట్లు. నిద్ర చాలని మొహం.

"కూర్చో అమ్మాయ్, లేవకు," అందావిడ. తను మాత్రం నిలబడే, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు కొడుకు మణికట్టుకి ముడేసింది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. "మూడేళ్ళయిందమ్మా. షూటింగులో డూప్ వద్దని వీడే మేడమీంచి దూకాడు. మోకాలు విరిగింది. పేపర్లలో వచ్చిందిగా, చూసే ఉంటావు. నడవగలిగితే పాత దారిన శ్రీశైలం నడిపిస్తానని, భీముని కొలను దగ్గర్నుంచి కైలాసద్వారం దాకా మెట్లన్నీ చెప్పుల్లేకుండా ఎక్కిస్తానని మొక్కుకున్నాను. ఇదిగో షూటింగంటాడు, అదిగో డబ్బింగంటాడు. ఇన్నాళ్ళకి కుదిరింది. ఈ ముడుపు అక్కడ వేయించు."

"వేయిస్తనమ్మా."

"పరుగులొద్దులే. నడిపించు చాలు. వాడి మోకాలు నీ చేతిలో పెడుతున్నాను." ఆవిడ నిజంగానే నవత చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

పొద్దుట్నుంచీ ఉన్న చిరాకంతా ఆ ఒక్క క్షణం ఎటో పోయింది నవతకి. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఒక్క గీత పడనియ్య," అని మాటిచ్చేసింది. ఆ మాట తర్వాత ఎంత పని చేస్తుందో అప్పుడేం తెలుసు!

గేటు బయట టీవీల వాళ్ళు. కొబ్బరికాయ కొట్టారు, జెండా ఊపారు. వర్ధన్ గేటు దగ్గర్నుంచి బస్సు దాకా పరుగెత్తాడు, ఎడమ భుజం కాస్త పైకెత్తి, సినిమాల్లో పరుగెత్తినట్టే. బస్సెక్కగానే కిటికీ తెర లాగేసి నిద్రపోయాడు.

*

షాద్‌నగర్ దాటాక టీ కోసం ఆపారు. వెనకాలే ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి వర్ధన్ మేనేజరు వేంకటరమణ దిగాడు. ఆయన వెనక పసుపు టీషర్టు వేసుకున్న ఇంకో మనిషి దిగాడు. అదే ఎత్తు, అవే భుజాలు. వెనకనుంచి చూస్తే అచ్చం వర్ధనే. ముందునుంచి చూస్తే నలభైకి దగ్గరపడ్డ మనిషి, ముక్కు మీద పాత దెబ్బ, మొహం నిండా నవ్వు.

వర్ధన్ ఆవులిస్తూ దిగి, టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టాడు. మణికట్టు ముడుపు పళ్ళతో విప్పి, అది కూడా ఆయన చేతిలో పడేశాడు. "హన్మంతూ, కంటిన్యూటీ చూస్కో, ఏదీ మారకూడదు," అని కారెక్కి తలుపేసుకున్నాడు.

నవత చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏంది సార్ ఇది?"

"ఏం లేదండీ," అన్నాడు వేంకటరమణ, బస్సు టైం మారిందన్నంత మామూలుగా. "మా హనుమంతు. ఫైట్ యూనిట్‌లో డూప్. మూడు రోజులూ మీతో ఉంటాడు. మీరు వెనకనుంచి ఫోటోలు తీసి పంపండి. మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ళు, ముడుపూ కనబడాలి. సారు శ్రీశైలంలో డైరెక్టుగా కలుస్తారు."

"మొక్కుకి గూడ డూపేందండి?"

"ఫైటుకి పెడతాం, ఏట్లో దూకడానికి పెడతాం, గుర్రమెక్కడానికి పెడతాం. ఇంత అడవిలో హీరో కాలు మడతపడితే రిలీజు సంగతేంటండీ? చూసేవాళ్ళకి తేడా తెలీకపోతే చాలు."

"చూసేటోడు దేవుడు సార్!"

"ఆయనెప్పుడూ లాంగ్ షాట్‌లోనే కదండీ చూసేది," అని వేంకటరమణ తన జోకుకి తనే నవ్వుకున్నాడు. తర్వాత నవ్వాపి, గొంతు తగ్గించి, "అడవిలో బసలకి అనుమతులు మా వాళ్ళ మాట మీద వచ్చినవి. గుర్తుంది కదా? బస్సు వెనక్కి తిప్పమంటే తిప్పుదాం, నాకేం?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నవతకి. బస్సు వైపు చూసింది. అంతమంది సెలవులు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. గ్లాసులో మిగిలిన టీ నేలమీద పారబోసి, హనుమంతుతో పాటు బస్సెక్కి, తలుపు ధడాలున వేసింది. ఆ తలుపు ఏం పాపం చేసిందో పాపం.

కమలాకర్ కొత్తాయన్ని ఎగాదిగా చూసి, "నాకేం ప్రాబ్లెం లేదండీ. మరి ఫోటో ఎవర్తోని దిగాలె?" అన్నాడు.

హనుమంతు మాత్రం ముడుపుని రెండు అరచేతుల్లో పెట్టుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూస్తున్నాడు. "టోపీ అంటె సరే మేడం, డ్రెస్సంటె సరే. సార్ గిది నాకిచ్చిండేంది?"

"కట్టుకో," అంది నవత విసురుగా. "కంటిన్యూటీ!"

*

నాగలూటి దగ్గర బస్సు దిగి అడవి దారి పట్టారు. ఆ పూట నుంచీ నవతకి హనుమంతుతో పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

మొదటిది, పరుగు. ఎడమ భుజం ఎత్తి, గడ్డం ముందుకి పెట్టి, దుమ్ము రేపుకుంటూ పరుగెత్తుతాడు. అడవిలో కెమెరా లేదు, ప్రెస్సు లేదు. మూటలు మోసుకుంటూ "మల్లన్నా" అని కేకేస్తూ నడిచే జనం తప్ప ఎవరూ లేరు.

"హన్మంతన్నా, భుజం దించు. గట్ల ఉరికితె సాయంత్రానికి మెడ పట్టుకుంటది. మామూలుగ ఉరుకు."

"మామూలుగ ఉరికితె అది నేనైత గద మేడం. సార్ గిట్లనే ఉరుకుతడు."

"ఎవరు చూస్తున్నరు గీడ?"

"అలవాటు పోతె మల్ల దొరకది మేడం."

రెండోది, తిండి. దారి పొడవునా పుణ్యానికి పెట్టేవాళ్ళ పందిళ్ళు. ఒకచోట మజ్జిగ, ఒకచోట పులిహోర, ఒకచోట బెల్లం పొంగలి. ఒక్క పందిరీ వదలడు. పరుగెత్తే మనిషి ఇంత పులిహోర తింటే కడుపులో ఏమవుతుందో నవత వివరంగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "మొక్కున్నోళ్ళు పెట్టింది వద్దనద్దు మేడం," అని విస్తరి పట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు. కమలాకర్ ఒక్కడే ఇంకా వెనక ఉన్నాడు, చేతి వాచీకి సిగ్నలు అందడం లేదని చెట్ల సందుల్లో చెయ్యెత్తి నిలబడి. వాచీ లెక్క కట్టని పరుగు ఆయన దృష్టిలో పరుగే కాదు. ఒకడు విస్తరి ముందు, ఒకడు చెట్టు కింద. ఇద్దరి మధ్యా నడుం మీద చేతులు పెట్టుకుని నవత. ఈ గుంపుని శ్రీశైలం చేర్చేసరికి తనకి ముసలితనం వచ్చేట్టుంది!

మూడోది అన్నిటికన్నా చిరాకు. ఎవరు కెమెరా తీసినా సరే, హనుమంతు ఠక్కున మొహం అవతలికి తిప్పేస్తాడు. పెచ్చెరువు దగ్గర సాయంత్రం అందరూ వరసగా నిలబడి ఫోటో దిగారు. చూస్తే అందరి మొహాలూ ఉన్నాయి, మధ్యలో ఒక తల వెనక భాగం ఉంది.

"అన్నా, గిది పేపరుకి కాదు, మా గ్రూపుకి. ఇటు చూడు!"

"చూస్తున్న అనే అనుకున్న మేడం," అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. "కెమెరా లేస్తె మెడ దానంతట అదే తిరుగుతది. ముఖం పడితె షాట్ ఖరాబ్ అయితదని ఫైట్ మాస్టర్ తిడుతుండె."

ఆ రాత్రి తిండి దగ్గర, అడక్కుండానే చెప్పాడు. "ఈ పని మంచిగ చేస్తె నాకు కేరెక్టర్ ఇస్తమన్నరు. ముఖం కనవడేది. డైలాగ్ గూడ ఉంటదట. మా భూలక్ష్మి ఉన్నది గద, కృష్ణానగర్ గల్లీల అందర్నీ టాకీసుకి తోల్కపోయి, 'అగో, మీదికెల్లి దుంకేటోడు మా ఆయన' అని చూపెడతది. వాళ్ళు చూసేటాల్లకు సార్ ముఖం వస్తది. ఎవ్వరు నమ్మరు. ఇంటికొచ్చి నా మీద కోపం చేస్తది." అని గట్టిగా నవ్వాడు. "ఒక్కపారి ముఖం కనవడితె చాలు మేడం. దాని మాట నిలవడుతది."

ఆ ఒక్కటీ విన్నాక నవత ఆయన్ని ఇంకేం అనలేకపోయింది. అనలేకపోయినందుకు ఇంకా చిరాకేసింది.

*

మర్నాడు భీముని కొలనులోకి దిగుడు. ఏటవాలు మెట్లు, రాళ్ళు. మిగతావాళ్ళు దూకుతూ దిగిపోయారు. హనుమంతు మాత్రం భుజం దించేశాడు, పక్కకి తిరిగాడు, కుడికాలు ముందు పెట్టి ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుంటూ, ఒక్కో మెట్టే. పైనుంచి చూస్తున్న నవతకి అనుమానం వచ్చింది. కింద నీళ్ళ దగ్గర ఆయన ప్యాంటు పైకి లాగి మోకాలు తడుపుకుంటుంటే దగ్గరికెళ్ళి చూసింది. ఎడమ మోకాలి చుట్టూ పెద్ద కుట్ల మచ్చ.

"గిదెప్పటిది?"

"పాతది మేడం. ఏం కాదు."

"నా దగ్గరికొచ్చేటోళ్ళు దెబ్బలున్నాయంటే ముందే చెప్పాలె. ఎక్కడ విరిగింది?"

హనుమంతు అటూ ఇటూ చూశాడు. "సార్ మోకాలే మేడం ఇది," అన్నాడు. నవతకి అర్థం కాలేదని గ్రహించి మళ్ళీ చెప్పాడు. "అదే, మేడమీంచి దుంకే షాట్. దుంకింది నేను, విరిగింది నాది. సార్ డూప్ లేకుంట దుంకిండని పేపర్ల వచ్చింది. వచ్చినంక సార్ పట్టీ కట్టుకోవాలె గద మరి. నెలరోజులు కట్టుకుండు."

"వాళ్ళమ్మకి తెల్వదా?"

"ఇంట్ల పనోళ్ళు బయట చెప్తరని అమ్మ ముంగట గూడ ఇప్పలేదంట. పాపం, నిద్రల గూడ పట్టీతోనే పన్నడంట సార్."

పాపమట! నవత నోట వచ్చిన మాటలు ఆ పుణ్యస్థలంలో అనదగ్గవి కావు. జూబ్లీహిల్స్ వరండాలో తన చెయ్యి పట్టుకున్న ఆ చల్లటి చెయ్యి గుర్తొచ్చింది. మూడేళ్ళుగా ఆవిడ దండం పెట్టుకుంటున్నది పట్టీకి! "నీకు కోపం రాదా అన్నా?"

"కోపమెందుకు మేడం? ఆస్పత్రి ఖర్చు వాళ్ళే చూసుకున్నరు. ఆ షాట్‌కి టాకీసుల మస్తు ఈలలు వడ్డయి," అన్నాడు, ఆ ఈలలు ఇంకా వినబడుతున్నట్టు మొహం పెట్టి.

ఇలాంటి మనిషిని ఏమనాలి? ఎవరి మీద అరవాలో తెలియక, వాచీ పట్టుకుని అటుగా వచ్చిన కమలాకర్ మీద అరిచింది. ఆయన బిత్తరపోయి, "నేనేం చేసిన?" అన్నాడు. నిజమే, ఏమీ చేయలేదు.

కొలను అవతల పైకి మెట్లు. కైలాసద్వారం దాకా ఒకటే ఎక్కుడు. హనుమంతు కూర్చుని బూట్లు విప్పసాగాడు.

"వద్దన్నా. నీ మోకాలు గట్లుంటె రాళ్ళ మీద వట్టి కాళ్ళతో ఎట్ల ఎక్కుతవు? బూట్లు వేసుకో. నేను ఫోటోలో కాళ్ళు రానియ్య."

"అమ్మ చెప్పులిడిసి ఎక్కమన్నది గద మేడం."

"ఎక్కమన్నది నిన్నా?"

"మరి ఎక్కేది ఎవరు?" అన్నాడు హనుమంతు, లేసు ముడి విప్పుతూనే.

ఎండకి మెట్లు కాలుతున్నాయి. కుడికాలు పై మెట్టు మీద పెట్టి, కుడి మోకాలి మీద రెండు చేతులూ ఆన్చి, ఎడమకాలిని లాక్కుంటాడు. నిలబడి ఊపిరి తీసుకుంటాడు. మళ్ళీ కుడికాలు. పక్కనే నడుస్తున్న ఒక ముసలామె తన చేతికర్ర ఇవ్వబోతే వద్దని, ఆమె మూట తను తీసుకున్నాడు. వారిస్తే విననట్టు నటించాడు. నటన బాగానే వచ్చు. భుజం ఎప్పుడో దిగిపోయింది, గడ్డం వాలిపోయింది. వర్ధన్ పోలిక ఒక్కటీ మిగల్లేదు. వేంకటరమణ చెప్పిన పనిని నవత వెనకనుంచి చెప్పినట్టే చేసింది. పగిలిన మడమలు, మణికట్టుకి ముడుపు, రాతి మెట్లు, ఒక ఫోటో తర్వాత ఒకటి. ఒకచోట మెట్టు మీద చిన్న నెత్తుటి మరక కనబడింది. "ఒక్క గీత పడనియ్య" అన్న తన మాట చెవుల్లో గింగురుమంది. ఆ మాట ఎవరి కాళ్ళ గురించి ఇచ్చిందో ఇప్పుడు ఎవరు చెప్పాలి?

మర్నాడు గుడి దగ్గర వర్ధన్ కారు దిగాడు. పసుపు టీషర్టు మీద కొలతగా కొట్టిన దుమ్ము, నుదుటి మీద మేకప్‌మన్ చల్లిన చెమట. టీవీల వాళ్ళు చుట్టుముట్టారు. "అమ్మ మొక్కు తీర్చడం నా అదృష్టం" అని చెప్పి దర్శనానికి వెళ్ళాడు, అటునుంచి అటే కారెక్కి వెళ్ళిపోయాడు. ముడుపు సంగతి ఆయనకీ గుర్తులేదు, వేంకటరమణకీ గుర్తులేదు. అది హనుమంతు మణికట్టునే ఉంది.

మామూలు వరసలో నిలబడి నవతా హనుమంతూ లోపలికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పూజారి చెయ్యి చాపి, "పేరు, గోత్రం?" అన్నాడు.

హనుమంతు చేతులు కట్టుకుని, వర్ధన్ పూర్తి పేరూ వాళ్ళ గోత్రమూ తడుముకోకుండా చెప్పాడు. వర్ధన్ కారు డ్రైవర్ని అడిగి ముందే తెలుసుకుని పెట్టుకున్నాడట. నవతకి గొంతు దాకా వచ్చింది, నీ పేరు చెప్పు మనిషీ అని. వరసలో వెనకవాళ్ళు తోశారు. ముడుపు హుండీలో పడింది.

బయటికొచ్చాక హనుమంతు, "డైలాగ్ మంచిగ చెప్పిన్నా మేడం?" అని అడిగాడు.

*

ఆ వారంలోనే శేషారత్నం గారు నవతకి కబురు చేసింది, తీసిన ఫోటోలన్నీ కెమెరాతో సహా పట్టుకుని రమ్మని. ఈసారి వరండాలో కూర్చోబెట్టలేదు, కాఫీ ఇవ్వలేదు. అది చూసే నవతకి భయమేసింది.

లోపలికి వస్తుంటే గేటు దగ్గర హనుమంతు కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నాడు. "కేరెక్టర్ సంగతి మాట్లాడ రమ్మన్నరు మేడం. నిన్న గూడ వచ్చిన. సార్ బిజీ ఉండె," అన్నాడు.

హాల్లో వర్ధన్ సోఫాలో ఉన్నాడు. వేంకటరమణ నిలబడి ఉన్నాడు. శేషారత్నం గారి ఒళ్ళో దినపత్రిక. మెట్లెక్కుతున్న మనిషి వీపు, మడమలు. కింద వర్ధన్ పేరు, తల్లి మొక్కు కథ.

"అమ్మాయ్, ఇలా రా. నువ్వేనా ఇది తీసింది?"

"నేనేనమ్మా."

"మా పుట్టింట్లో ఒక పద్ధతుంది. శ్రీశైలం నడిచొచ్చిన వాళ్ళ కాళ్ళు, మొక్కుకున్న ఇంటివాళ్ళు కడిగి లోపలికి పిలవాలి. వీడొచ్చిన రోజు గడపలో కూర్చోబెట్టి ఈ చేతుల్తో కడిగాను." ఆవిడ చేతులు చాపి చూపించింది. "ఒక్క బొబ్బ లేదు. ఒక్క ముల్లు గీరింది లేదు. శివుడి మహిమ అనుకున్నాను, పిచ్చిదాన్ని. మర్నాడు ఈ పేపరొచ్చింది. ఈ మడమలు చూడు. ఎవరివి ఇవి?"

"అమ్మా, యాంగిల్‌లో అలా..." అన్నాడు వర్ధన్.

"నిన్ను కాదురా అడిగింది."

వేంకటరమణ నవత వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. వచ్చే ఏడాది అనుమతులున్నాయి, గేటు దగ్గర నిలబడ్డ మనిషి కేరెక్టర్ ఉంది. టీ కొట్టు దగ్గర నోరు మూసుకుంది, గుడిలో నోరు మూసుకుంది. ఇంక ఆమె వల్ల కాలేదు.

"గేటు దగ్గరున్నడమ్మా ఆ మనిషి. హనుమంతు."

పిలిపించారు. హనుమంతు చెప్పులు బయటే వదిలి, గుమ్మం దగ్గర ఒదిగి నిలబడ్డాడు.

శేషారత్నం గారు కొడుకు వైపు తిరిగింది. "మోకాలు బాగుచెయ్యి స్వామీ, నడిపిస్తానని నోరారా మొక్కానురా. బాగుచేశాడు. మోకాలిచ్చిన దేవుడికి అద్దె మనిషిని పంపుతావా?"

"సార్ తప్పు లేదమ్మా," అన్నాడు హనుమంతు గాభరాగా. "సార్‌కి మోకాలు..."

"సార్‌కి మోకాలు ఏం కాలేదు!" నవత గొంతు ఆ హాలుకి మించి లేచింది. "విరిగింది ఈయనది. దుంకింది ఈయన. మీ కొడుకు పట్టీ కట్టుకుండు, గంతే. గీ మనిషి గా విరిగిన కాలితోనే మెట్లన్నీ వట్టి కాళ్ళతో ఎక్కిండు. ఎక్కి, గుడిల మీ కొడుకు పేరే చెప్పిండు. ఇగ నన్ను ఏమన్న అనుకోండ్రి!"

పేపరు శేషారత్నం గారి ఒళ్ళోంచి జారి కింద పడింది.

"ఎముక అతుక్కోవాలని నెలరోజులు నల్లేరు పచ్చడి నూరి పెట్టాను కదరా," అందావిడ.

"తిన్నాను కదమ్మా," అన్నాడు వర్ధన్, చిన్నపిల్లాడిలా.

ఆవిడ లేచింది. మెల్లగా నడిచి హనుమంతు ముందుకొచ్చి, "కూర్చో నాయనా," అంది. ఆయన కూర్చోనంటే భుజం పట్టుకుని తెచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. తనే వంగి, ప్యాంటు పైకి లాగి, ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"నొప్పుందా?"

"చలికాలం ఉంటదమ్మా. ఇప్పుడు లేదు."

"మూడేళ్ళు ఉపవాసాలున్నాను, సోమవారం సోమవారం. ఈ మోకాలికేనా!" ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. రెండూ కలిసే వచ్చాయి. "విరిగిన మోకాలికి మొక్కాను. అది బాగుపడింది. దానంతట అదే నడిచెళ్ళి మొక్కు తీర్చుకుంది. దేవుడి లెక్కలో ఏ పొరపాటూ లేదమ్మా. ఎటొచ్చీ నేను కడిగిన కాళ్ళే వేరు." వెనక్కి తిరిగింది. "వర్ధన్, చెంబుతో నీళ్ళు పట్రా. పళ్ళెం కూడా."

"అమ్మా!"

"నేనొకసారి కడిగేశాను. ఇంక నీ వంతు."

వర్ధన్ లోపలికి వెళ్ళాడు. వేంకటరమణ హనుమంతు చెవి దగ్గరికి వంగి, "నీ కేరెక్టర్ సంగతి ఇంక మర్చిపోరా," అన్నాడు. నవతకి వినబడింది. హనుమంతు తలూపాడు, షాట్ ఇంకోసారి చెయ్యాలంటే ఊపినట్టు. కానీ ఆ మొహంలోంచి నవ్వు మొదటిసారి పోయింది. నా నోరు పడిపోను, అనుకుంది నవత. నిజం చెప్పింది తను, పోగొట్టుకుంది ఆయన.

వర్ధన్ చెంబు తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం ముందుకి జరిపాడు. హనుమంతు కాళ్ళు సోఫా కిందికి లాక్కున్నాడు. "వద్దు సార్, వద్దు, పాపం తగుల్తది," అని లేవబోతే శేషారత్నం గారు భుజం నొక్కి పట్టింది.

"అమ్మాయ్, కెమెరా తెచ్చావుగా. ఫోటో తియ్యి."

"అమ్మగారూ, ఇది గనక బయటికి పోతే..." అని వేంకటరమణ అందుకున్నాడు.

"బయటికెందుకయ్యా? నా దేవుడి గదిలోకి. ఇంకోటి, వాళ్ళావిడకి."

నవత కెమెరా ఎత్తింది. ఎత్తగానే ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేశారు. వర్ధన్ చెంబు పట్టుకునే ఎడమ భుజం కాస్త లేపి, కెమెరా వైపు మొహం పెట్టాడు. హనుమంతు ఠక్కున గోడ వైపు తిరిగాడు.

"నువ్వు తల దించి పని చూడరా," అంది శేషారత్నం గారు కొడుకుతో. "నాయనా, నువ్వు ఇటు చూడు."

హనుమంతు మెడ కొంచెం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. నీళ్ళు ఆయన పగిలిన మడమల మీంచి పళ్ళెంలోకి కారుతున్నాయి. చివరికి పూర్తిగా తిరిగి, ముక్కు మీద మచ్చతో సహా మొహమంతా కెమెరాకి ఇచ్చి, బిక్కుబిక్కుమంటూ అడిగాడు.

"ముఖం ఎట్ల వెట్టాలె మేడం?"

మూడు రోజులు ఆయన్ని పరుగుకీ తిండికీ ప్రతిదానికీ తిట్టిన నవత ఈసారి మెత్తగా, "ఊకె చూడన్నా," అంది. చూశాడు. ఆమె వెంటనే నొక్కలేదు. ఆయన్ని అలాగే కాసేపు చూడనిచ్చింది.